నీలిమందు పేర్లు

గోరీలగుట్ట, మేడ్చల్ దగ్గర
16 జూన్ 2024

రెబెక్కక్కకు తమ్ముడు గిడియోన్ వందనాలు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ హాస్టల్ ఉన్న అడవిలో ఫోన్ టవర్ ఎప్పుడు వేస్తారో గానీ, నీకు ఉత్తరం రాయడానికి కూర్చున్నప్పుడల్లా నాకు ఏడో తరగతి పరీక్ష రాస్తున్నట్టే చెమటలు పడతాయి. తప్పులుంటే నవ్వుకో. నువ్వు వండిపెట్టే ఆ నూట ఇరవై మంది పిల్లలకు మాత్రం చదివి వినిపించకు.

పెద్ద కబురు ఉంది. మన గుట్ట మీది దొరల గోరీలను చూడదగ్గ స్థలంగా మారుస్తున్నారు. శామీర్‌పేట చెరువు చూడటానికి వచ్చినవాళ్లు అటునుంచి అటే బిర్యానీ తిని వెళ్లిపోకుండా మన మెట్ల బావి, గడి దర్వాజా, దొరల గోరీలు కూడా చూసి పోవాలని ఒక కమిటీ పెట్టారు. దానికి పెద్ద యజ్ఞనారాయణ సార్. రాజమండ్రి వైపు మనిషి, ఇంజనీరుగా రిటైరై బహదూర్‌పల్లిలో కొత్త కాలనీలో ఉంటున్నారు. మంచి మనిషి. గోరీల మీది ఇంగ్లీషు అక్షరాలను పళ్లు తోముకునే బ్రష్షుతో కడిగి, కళ్లజోడు పైకెత్తి చదువుతారు.

నన్ను గైడుగా తీసుకున్నారు. దూలపల్లి కంపెనీలో పదిహేనేళ్లు మిషను ముందు నిలబడ్డాను, అక్కడ నన్ను పేరుపెట్టి పిలిచినవాడు లేడు. ఇప్పుడు నీలం చొక్కా ఇచ్చి, జేబు మీద నా పేరు కుట్టించారు. మనీషా దాన్ని రోజుకు రెండుసార్లు ఇస్త్రీ చేస్తోంది. కూతురికి తండ్రి మీద ఇంత ప్రేమ ఎప్పుడూ చూడలేదు.

సార్ నాలుగు పేజీలు రాసిచ్చారు, అవి బట్టీ పట్టాలి. జ్వరంతో పోయిన కెప్టెన్ దొర, గుర్రం మీంచి పడిన చిన్న దొర, కాన్పులో పోయిన దొరసాని. ఆదివారాలు సూరారం నుంచి, కొంపల్లి నుంచి జనం వస్తున్నారు. పెళ్లి కుదిరిన జంటలు రాతి దేవదూత పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. గోరీల మధ్య పెళ్లి ఫొటోలేమిటో నాకైతే తెలియదు.

నీ గైడు తమ్ముడు
గిడియోన్


7 జూలై 2024

గిడియోన్‌కు అక్క దీవెనలు.

నీ ఉత్తరం పదహారు రోజులకు చేరింది. రెండుసార్లు చదివాను. అందులో దొరలు ఇద్దరున్నారు, దొరసాని ఉంది, రాతి దేవదూత ఉంది. అమ్మ లేదు.

ఉద్యోగం వచ్చినందుకు సంతోషమే. నువ్వు చిన్నప్పటి నుంచీ చెప్పిందే చెప్పే రకం, ఆ పని నీకు బాగా సరిపోతుంది. కానీ దొరల గోరీల వెనక మన వాళ్ల వరుసలున్నాయి కదా, వాటి సంగతి ఏమిటి? అవి కూడా చూపిస్తారా, కనపడకుండా కంచె కడతారా? అది రాయలేదు నువ్వు.

రెండేళ్ల క్రితం ఇదే నెలలో గోదావరి పొంగి వంతెన మూసేశారు. అమ్మ పోయిన కబురు నాకు మూడో రోజున తెలిసింది. నేను వచ్చింది తొమ్మిదో రోజున. మీరందరూ ముఖం చూసి మట్టి వేశారు, నాకు మట్టి ఒక్కటే దక్కింది. నాకు అమ్మ ముఖమంటే ఆ మట్టే తమ్ముడూ. అందుకని అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకు.

వానలు మొదలై ఉంటాయి. పోయిన సమాధుల పండుగకు గోరీల మీద రాసిన పేర్లు కడుక్కుపోయి ఉంటాయి. నువ్వే కదా అందరివీ రాసేది. పనివాళ్లు వచ్చేలోపు ఒకసారి అన్నిటి మీదా పేర్లు రాసి పెట్టు. ముందు అమ్మది.

మనీషాను అడిగినట్టు చెప్పు.

అక్క
రెబెక్క


గోరీలగుట్ట
1 ఆగస్టు 2024

అక్కా, వందనాలు.

నువ్వు అడవిలో ఉండి మరీ భయపడుతున్నావు. అమ్మ గోరీ ఎక్కడికీ పోలేదు. నిన్ననే చూసి వచ్చాను.

పేర్లు రాయమన్నావు. మన పద్ధతి నీకు తెలియనిది కాదు. నవంబరు రెండు సమాధుల పండుగ, దానికి ముందురోజు మట్టి ఎత్తి, తలాపు రాయికి సున్నం కొట్టి, నీలిమందు కలిపి పేరు రాస్తాం. వానకు పోతుంది, మళ్లీ ఏడు రాస్తాం. నడిమధ్యలో రాసేది కొత్తగా పోయినవాళ్లకే. అయినా నువ్వు చెప్పావని డబ్బా పట్టుకుని వెళ్లాను. నర్సమ్మత్త చూసి నా చెయ్యి పట్టుకుంది. "గిప్పుడు పేరు రాస్తే ఇంకోసారి సచ్చినట్టే గద బిడ్డా, పండుగ దాంక ఆగు" అంది. ఆమె మాట ఎలా కాదంటాను? తిరిగి వచ్చేశాను.

పోయిన వారం కొలతలు తీశారు. సార్ గుట్టంతా తిరిగి, రాతి మీద పేరున్న గోరీలు పదకొండని పటం మీద గుర్తు పెట్టుకున్నారు. వెనక ఉన్నవాటిని మట్టి దిబ్బలు అని రాసుకున్నారు. ఊరి మనిషిని కాబట్టి నన్ను సాక్షి సంతకం పెట్టమన్నారు, పెట్టాను. ఇంగ్లీషు కాగితం మీద నా సంతకం ఎంత బాగా పడిందో. దిబ్బలంటే దిబ్బలే, వాటి జోలికి ఎవరు వస్తారు?

ఇక్కడ సీతాఫలాలు కాయకట్టాయి. పండితే పంపుదును గానీ మీ ఊరు చేరేసరికి గింజలే మిగులుతాయి.

నీ తమ్ముడు
గిడియోన్


22 ఆగస్టు 2024

గిడియోన్,

నీ ఉత్తరం చదివి పొయ్యి మీద పప్పు మాడ్చాను. ఇరవై ఏళ్లలో మొదటిసారి.

దిబ్బ అంటే ఏమిటో నీకు తెలియదా? దిబ్బను పారతో చదును చేస్తారు. అక్కడ గోరీలు లేవని నువ్వు సంతకం పెట్టావు. సాక్షివి నువ్వే. యాభై ఇళ్ల వాళ్లను, కన్నతల్లిని, ఒక్క సంతకంతో లేరని చెప్పావు. జేబు మీద నీ పేరు కుట్టించుకున్నావు కదా, అమ్మ పేరు రాయడానికి మాత్రం పండుగ రావాలి.

ఆ చొక్కా కోసమే పెట్టావా? నిజం చెప్పు. వాళ్లు అడిగారా, నువ్వే చేశావా?

ఈ ఉత్తరం అందిన రోజే ఆ సార్ ఇంటికి వెళ్లు. అవి మనుషుల గోరీలని చెప్పు. నర్సమ్మత్తకు నేను చెప్పానని చెప్పి అన్నిటి మీదా పేర్లు రాయి. ఆమె నన్ను తిడితే తిట్టనీ.

నాకు జవాబు వచ్చేదాకా నిద్ర పట్టదు.

రెబెక్క


గోరీలగుట్ట
19 సెప్టెంబరు 2024

అక్కకు గిడియోన్ వందనాలు.

నీ మాటలు నాకు తగిలాయి. తగలాలనే రాశావు కాబట్టి ఏమీ అనను.

సార్ ఇంటికి వెళ్లాను. విషయం చెప్పగానే ఆయన తాగుతున్న కాఫీ పక్కన పెట్టేశారు. "ఎంత పని జరిగిందయ్యా గిడియోనూ. ముందే చెప్పద్దూ? నేనూ అడగాల్సింది, అడగలేదు. ఇప్పుడు ఏం చెయ్యాలో చూద్దాం ఉండు" అన్నారు. ఆయన, నేను కలిసి స్థలం నడిపే కంపెనీ మేనేజరు దగ్గరకు వెళ్లాం. ప్లాను పాసైపోయింది, దిబ్బలున్న చోట లాన్ వేయాలి, ముందు భాగంలో ఊరి పేరు పెద్ద పెద్ద అక్షరాలతో నిలబెట్టాలి అన్నాడు ఆ మేనేజరు. సార్ చాలాసేపు వాదించారు. చివరికి ఎనిమిది రోజులు ఇచ్చారు. ఎనిమిది రోజుల్లో ఏ గోరీ మీద పేరుంటే దాని చుట్టూ రెయిలింగ్ వేస్తారు, లేనిది లాన్‌లో కలుస్తుంది.

యాభై మూడు గోరీలక్కా. తలాపు రాళ్లు ఒరిగిపోయాయి, కొన్నిటిని జేసీబీ ముందే పక్కకు నెట్టింది. పాస్టర్ గారి దగ్గర పుస్తకంలో పేర్లున్నాయి గానీ ఎవరు ఎక్కడున్నారో లేదు. అది నా తలలోనే ఉంది. ఒక గోరీ దగ్గర రెండు ఇళ్లవాళ్లు కొట్టుకున్నారు. "మా నాయినది" అని ఒకరు, "ఏంది, మా అత్తను నా చేతులతోని పెట్టిన" అని ఇంకొకరు. ఇద్దరి పేర్లూ రాశాను. నీలిమందుతో కాదు, ఆయిల్ పెయింటుతో. చేతులు ఇంకా వాసన కొడుతున్నాయి.

అమ్మది కూడా రాశాను. రెయిలింగ్ లోపలే ఉంది. పెద్ద అక్షరాలే.

ఉంటాను. పొద్దున్నే ఒక కాలేజీ బస్సు వస్తుంది.

గిడియోన్


10 అక్టోబరు 2024

నా తమ్ముడు గిడియోన్‌కు,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. పోయిన ఉత్తరంలో నేను రాసిన మాటలు చించి పొయ్యిలో పడెయ్. యాభై మూడు పేర్లు తలలో పెట్టుకున్నవాడిని పట్టుకుని ఎన్నేసి మాటలు అన్నాను. అమ్మ ఉంటే చీపురు తీసుకునేది, నా మీదకి.

ఇప్పుడు నా కబురు విను. వార్డెన్ సెలవు ఇచ్చింది. పండుగకు వస్తున్నాను. ఒట్టి చేతులతో కాదు. భద్రాచలంలో ఒక శిల్పికి చెప్పి అమ్మకు రాయి చెక్కించాను. రెండు జానల ఎత్తు, నల్లరాయి. "సాయమ్మ, మరణం 14-7-2022" అని ఉంటుంది. అమ్మ చెక్కిన రాయి వద్దనేది, మన వరుసలో ఎవరికీ లేదు, నాకొక్కదానికి ఎందుకనేది. ఇప్పుడు అందరివీ ఆయిల్ పెయింటుతో రాశావు కాబట్టి ఆ మాట చెల్లదు. బియ్యం సంచిలో చుట్టి బస్సులో నా కాళ్ల దగ్గరే పెట్టుకుని తెస్తాను. కండక్టరు ఏమన్నా నేను చూసుకుంటాను.

నీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటుంది. అమ్మ పోయిన ఏడు ఈస్టరుకు నన్ను రమ్మని మనీషా చేత ఉత్తరం రాయించింది. ఒంట్లో బాగాలేదని రాయించలేదు, ఊరికే రమ్మంది. పిల్లలకు పరీక్షలు, రాలేనని రాశాను. నిజానికి రావచ్చు. బద్ధకించాను. తొమ్మిదో రోజున వచ్చినప్పుడు నా నోరు పెగల్లేదు. ఈసారి ఆమె దగ్గర కూర్చుని అన్నీ చెప్పుకుంటాను. ఎంతసేపైనా పట్టనీ, నన్ను తొందరపెట్టకు.

ముప్పయ్యో తారీకు బయలుదేరుతాను. మొదటి సున్నం నేనే కొడతాను, నువ్వు ముట్టుకోవద్దు.

నీ అక్క
రెబెక్క


గోరీలగుట్ట
21 అక్టోబరు 2024

అక్కా,

రాయి తేవద్దు. నువ్వు కూడా ఈసారి రావద్దు. ఈ ఉత్తరం నువ్వు బయలుదేరేలోపు చేరాలని స్పీడు పోస్టులో వేస్తున్నాను.

అమ్మ గోరీ లేదు.

ఎనిమిది రోజుల్లో నేను అందరివీ ముందు రాశాను. అమ్మది చివరికి పెట్టుకున్నాను, అదొక్కటి నేను మరిచిపోయేది కాదు కాబట్టి. ఏడో రోజు మధ్యాహ్నం బావి దగ్గర ఇద్దరు మనుషులకు నాలుగు పేజీల కథ చెప్పి వచ్చేసరికి ఆ మూల రోలర్ తిరిగిపోయింది. ఊరి పేరు అక్షరాలకు పునాది ఎండాలని ఒకరోజు ముందే మొదలుపెట్టారట. డ్రైవరును అడిగితే "రాళ్ల మీద పేరు లేదు గదన్నా, నాకేం ఎరుక" అన్నాడు. అతను చెప్పింది నిజమే. పేరు లేదు.

ఇంకో నిజం కూడా చెబుతాను. కొలతల రోజు సార్ "వెనక ఉన్నవి ఏమిటయ్యా?" అని అడిగారు. దిబ్బలు అన్నది ఆయన కాదు, నేను. కొత్త చొక్కా వేసుకుని, అంతసేపూ పాలరాతి గోరీల గురించి మాట్లాడి, ఆ మట్టి కుప్పలు మావని చెప్పడానికి సిగ్గేసింది. "గవి ఏం లేవు సార్, దిబ్బలు" అన్నాను. నువ్వు అడిగావు కదా, చొక్కా కోసమేనా అని.

రెయిలింగ్ లోపల అమ్మ పేరున్న గోరీ నర్సమ్మత్త మొదటి బిడ్డది. బాప్తిస్మం ఇవ్వకముందే, పేరు పెట్టకముందే పోయింది ఆ పిల్ల. రాయడానికి పేరు లేదు. ఎలాగూ లాన్‌లో కలిసిపోయేది. అత్త కాళ్లు పట్టుకుని అడిగాను. "రాయి బిడ్డా, గట్లనన్న నా పిల్ల మీదికెల్లి మిషను పోకుండ ఉంటది" అంది. సాయమ్మ అని రాశాను.

అమ్మ ఉన్న చోటు నాకు తెలుసు. దేవదూత దగ్గర నుంచి పడమటికి పదిహేడు అడుగులు. ఆ పెద్ద అక్షరాల ముందు. జనం అక్కడే నిలబడి ఫొటోలు దిగుతారు. గడ్డి తొక్కవద్దని రోజూ చెబుతాను, నవ్వి పక్కకు జరిగి మళ్లీ అక్కడికే వస్తారు.

నన్ను క్షమించమని నిన్ను అడగను.

గిడియోన్


12 నవంబరు 2024

గిడియోన్‌కు,

నీ స్పీడు పోస్టు నేను బయలుదేరిన మర్నాడు వచ్చిందట. వార్డెన్ నా మంచం మీద పెట్టింది. నేను తిరిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, నువ్వు ఏదో పండుగ కబురు రాశావనుకుని నవ్వుతూ విప్పాను.

బస్సు దిగినప్పుడు నా ముఖం చూడగానే ఉత్తరం అందలేదని నీకు తెలిసిపోయి ఉంటుంది. అయినా సంచి నీ భుజానికి ఎత్తుకున్నావు. గుంత తవ్వావు. రాయి నిలబెట్టావు. నేను సున్నం కొడుతుంటే బకెట్టు పట్టుకున్నావు. పాస్టర్ గారు ప్రార్థన చేస్తుంటే ఆమెన్ అన్నావు, అందరికంటే గట్టిగా. నర్సమ్మత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే నేనే పట్టుకుని ఓదార్చాను. "మా అమ్మంటే నీకు ఎంత పానం అత్తా" అన్నాను. ఆమె తన బిడ్డ కోసం ఏడుస్తోంది. నాకేం తెలుసు? గడ్డి, రెయిలింగులతో గుట్ట రూపమే మారిపోయింది, తొమ్మిదో రోజున చూసిన చోటును గుర్తుపట్టలేక పేరు చూసి నమ్మాను.

మీరందరూ వెళ్లాక నేను అక్కడ కూర్చుని ఈస్టరు మాట చెప్పాను. రెండేళ్లు నోట్లో పెట్టుకుని తిరిగిన మాట. పేరు కూడా లేని పసిపిల్లకు చెప్పాను. అమ్మ దేవదూతకు పదిహేడు అడుగుల దూరంలో, జనం చెప్పుల కింద ఉంది. నేను అక్కడి నుంచే నడిచి వచ్చాను కదా. నేనూ తొక్కే వచ్చాను.

సిగ్గుపడి దిబ్బ అన్నందుకు నిన్ను కొడదును, క్షమిద్దును. మనలాంటి వాళ్లకు ఆ సిగ్గు ఎక్కడి నుంచి వస్తుందో నాకూ తెలుసు. రోలర్ నీ చేతిలో లేదు. కానీ మూడు రోజులు నీ ఇంట్లో అన్నం తిన్నాను. ఒక్క మాట చెప్పలేకపోయావా? నన్ను గడ్డి దగ్గరకు తీసుకెళ్లి, ఇక్కడుంది అక్కా అంటే చాలు, నేను ఆ గడ్డి మీదే పడి ఉండేదాన్ని.

రాయి తీయవద్దు. ఆ పిల్లను మళ్లీ కదిలించవద్దు.

నువ్వు నోటితో దిబ్బ అన్నావు, నోటితోనే దిద్దాలి. నీ నాలుగు పేజీల కథలో అమ్మను చేర్చు. వచ్చిన ప్రతి గుంపుకూ ఆ గడ్డి దగ్గర నిలబడి, ఇక్కడ సాయమ్మ ఉంది, మా అమ్మ, మీరు ఆమె మీద నిలబడ్డారు, జరగండి అని చెప్పు. ఉద్యోగం పోతే పోనీ. చెప్పానని రాసేదాకా నాకు ఉత్తరం వేయకు.

రెబెక్క


గోరీలగుట్ట
16 డిసెంబరు 2024

అక్కా,

చెప్పాను. అందుకే రాస్తున్నాను.

డిసెంబరు మొదటి ఆదివారం, నలభై మంది ఉన్నారు. యజ్ఞనారాయణ సార్ కూడా ఉన్నారు. కెప్టెన్ దొర, చిన్న దొర, దొరసాని అయ్యాక నేను అక్షరాల ముందుకు నడిచాను. సార్ రాసిచ్చిన భాష నోటికి రాలేదు. "గీ గడ్డి కింద మా అమ్మ ఉన్నది. పేరు సాయమ్మ. ఇండ్లల్ల పని చేసి మమ్ముల పెంచింది. ఆమె గోరీని నేనే దిబ్బ అన్న. మీరు నిలవడ్డది ఆమె మీదనే. జర జరుగుండ్రి" అన్నాను. అందరూ ఒక్కసారే వెనక్కి జరిగారు. ఒకావిడ చెప్పులు విడిచి దండం పెట్టింది. ఆ ఒక్క నిమిషం నువ్వు పక్కన ఉంటే బాగుండుననిపించింది.

సార్ నా దగ్గరకు వచ్చి చెయ్యి గట్టిగా నొక్కి వెళ్లిపోయారు. సోమవారం మేనేజరు పిలిచాడు. చొక్కా మడతపెట్టి చేతిలో పట్టుకునే వెళ్లాను.

ఉద్యోగం పోలేదక్కా. ఎవరో వీడియో తీసి పెట్టారట, లక్షమంది చూశారట. మేనేజరు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "మస్తు చెప్పినవ్ గిడియోన్. గిదే మాట, గట్లనే, ప్రతి బ్యాచ్‌కు చెప్పాలె. ఆ గొంతు వణికింది చూడు, అది మాత్రం ఇడిసిపెట్టకు" అన్నాడు. అక్షరాలను అక్కడి నుంచి తీయమని సార్ అడిగారు. ఇప్పుడు జనం వచ్చేదే అది చూడటానికి, ఎలా తీస్తామన్నాడు. గేటు దగ్గర బోర్డు మీద చూడదగ్గవాటిలో కొత్తగా ఒకటి చేర్చారు. "అమ్మ గడ్డి" అని. గడ్డికి లైటు పెడతారట.

మానేద్దామంటే నేను లేకపోతే ఇంకొకరికి చొక్కా వేసి చెప్పిస్తారు. వాళ్లు అమ్మ గురించి ఏం చెబుతారో. అందుకని చెబుతున్నాను. రోజుకు ఆరుసార్లు చెబుతున్నాను. నిన్న నాలుగోసారి చెబుతుంటే నాకు ఏడుపు రాలేదు, తెచ్చుకున్నాను. నాకు భయమేసింది.

జరగండి అని నువ్వు చెప్పమన్న మాట కూడా చెబుతూనే ఉన్నాను. ఎవరూ జరగడం లేదక్కా. ఏదీ, ఎక్కడ, ఇక్కడేనా అని అడుగుతూ ఇంకా దగ్గరికి వస్తున్నారు.

గిడియోన్